సన్న ఈగల మౌలాలి

మెట్టుగూడ రైల్వే లైన్లలో పుట్టి పెరిగిన మౌలాలికి చిన్నప్పటి నుంచీ చూపు తక్కువ. తండ్రి లాలాగూడ వర్క్‌షాపులో కొలిమి దగ్గర పనిచేసేవాడు. మీసాలు మొలవగానే కొడుకునూ అక్కడే చేర్పించాడు. చేరిన కొత్తలోనే ఎదురుగా వస్తున్న ట్రాలీ కనబడక మౌలాలి దాని కిందికి పోబోయాడు. పక్కనున్నవాళ్లు చొక్కా పట్టి లాగబట్టి బతికాడు. "వీనికి కండ్లు లెవ్వు, ఇంటికి తోల్కపో" అని మేస్త్రీ తండ్రికి చెప్పేశాడు.

కళ్లు లేక కాదు. మూరెడు దూరం దాటితే మనుషులు, చెట్లు, గోడలు అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేవి. మూరెడు లోపల మాత్రం చీమ మీసాలు కూడా విడివిడిగా కనిపించేవి. కళ్లద్దాలు దొరలకూ వకీళ్లకూ తప్ప తమలాంటి వాళ్లకు కాదనుకునే ఇల్లు అది. అందుకని ఆ కళ్లతోనే పెరిగాడు, ఆ కళ్లతోనే షహర్ బానోను పెళ్లి చేసుకున్నాడు, చివరికి ఆ కళ్లే అతనికి అన్నం పెట్టాయి.

బోయిన్‌పల్లి అవతల కూరగాయల చేల నడుమ సర్కారు వారి చిన్న తోట ఒకటి ఉండేది. మౌలాలి అందులో మాలీగా కుదిరి, కాపురం బోయిన్‌పల్లికి మార్చాడు. కొన్నాళ్లకు మెదక్ దిక్కు నుంచి దేవసహాయం అనే ఆఫీసరు వచ్చాడు. పురుగుల చదువు చదివినవాడు. పొగాకు కషాయాలు చల్లి పంటను కాపాడలేమనీ, పురుగు మీదికి పురుగునే తోలాలనీ ఆయన పట్టుదల. వచ్చిన వారంలోనే, ఆకు కింద గుడ్డును ఉత్త కంటితో పట్టి చూపించే ఈ మాలీ ఆయన కంటబడ్డాడు.

చలికాలం వస్తే చిక్కుడు తీగలకు నల్లటి పేనుబంక పడుతుంది. లేత కొసల మీద, పూగుత్తుల మీద ఆవాలు అతికించినట్టు కూర్చుని రసం పీలుస్తుంది. అది విసర్జించే తియ్యటి బంక ఆకుల మీద కారి, దాని మీద మసి పట్టి, పూత రాలిపోతుంది. దేవసహాయం మౌలాలిని చిక్కుడు పందిరి కింద కూర్చోబెట్టి, ఆ పేలకు ఇద్దరు శత్రువులున్నారని చూపించాడు.

ఒకటి అక్షింతల పురుగు. ఎర్రటి వీపు మీద నల్లటి గీతలతో, సెనగపప్పు బద్దంత ఉంటుంది. అదీ, దాని పిల్లా రెండూ పేలను పట్టుకుని నమిలేస్తాయి. రెండోది ఒక సన్న ఈగ. కందిరీగకు చుట్టమే కానీ ఆవగింజంత కూడా ఉండదు, కుట్టదు. అది నమలదు. పేను ఒంట్లోకి తన గుడ్డు పొడిచి వెళ్లిపోతుంది. లోపల పుట్టిన పిల్ల ఆ పేనును లోపలి నుంచే తింటూ పెరుగుతుంది. వారం తిరిగేసరికి పేను ఉబ్బి, గడ్డిరంగుకు మారి, ఎండిన గుల్లై ఆకుకు అతుక్కుపోతుంది. ఆ గుల్లకు గుండ్రటి కిటికీ కోసుకుని కొత్త ఈగ బయటికి వస్తుంది.

"రెండూ మంచివేనా సాబ్?" అని అడిగాడు మౌలాలి.

"రెండూ మంచివే" అన్నాడు దేవసహాయం.

ఆ సన్న ఈగలను పెంచడానికి తోటలో పెంకుల ఇల్లు ఒకటి కట్టారు. కుండీల్లో చిక్కుడు మొలకలు పెట్టి, ఒక్కోదాని మీద లాంతరు చిమ్నీ బోర్లించి, పైన మల్లుబట్ట కట్టి, లోపల పేలనూ ఈగలనూ వదిలేవారు. తేనె కలిపిన నీళ్లు గాజుకు రాసేవారు. మొలకలు వాడితే పేలు చస్తాయి, పేలు చస్తే ఈగలు చస్తాయి. అందుకని మౌలాలి పండగ పూట కూడా ఒకసారి వచ్చి నీళ్లు పోసి వెళ్లేవాడు. ఊళ్లో వాళ్లు అతన్ని సన్న ఈగల మౌలాలి అనడం మొదలుపెట్టారు. ఎగతాళికి పుట్టిన పేరే అయినా అతను దానికి సంతోషపడేవాడు.

తోట పక్క చేను సోమయ్యది. మౌలాలి కంటే పదేళ్లు పెద్ద. ఎర్ర రుమాలు చుట్టుకుని, చిక్కుడు, వంకాయ, గోబీ పండించి తెల్లారేసరికి మోండా మార్కెట్టుకు తోలేవాడు. దేవసహాయం పెంచిన ఈగలను తన చేలో వదలనిచ్చిన మొదటి రైతు అతనే. మధ్యాహ్నం ఇద్దరూ గట్టు మీద కూర్చుని రొట్టె తినేవారు. మౌలాలి అతనికి అక్షింతల పురుగును అరచేతిలో పెట్టి చూపించాడు.

"దీన్ని ఎన్నడు చంపకు సోమన్నా. మన దోస్తు ఇది."

"నేను ఇన్నేండ్లు నలిపి పారేసిన గదనే!" అని సోమయ్య నొచ్చుకున్నాడు.

పంతొమ్మిది వందల నలభై ఎనిమిది ఎండాకాలం నాటికి ఇలాంటి మాటలకు తీరిక లేకుండా పోయింది. సరిహద్దుల నుంచి సరుకులు ఆగిపోయాయి. ఉప్పు లేదు, కిరసనాయిలు లేదు. ఖాకీ చొక్కాలు తొడుక్కున్న రజాకార్లు బజార్లలో కవాతు చేస్తున్నారు. సోమయ్య బావమరిది కాంగ్రెసు జెండా పట్టి జైలుకు పోయినవాడు. ఆ సంగతి పట్టుకుని ఒకనాటి పొద్దున రజాకార్ల దళాన్ని నడిపే సాలారు నలుగురిని వెంటేసుకుని సోమయ్య చేలోకి వచ్చాడు. సోమయ్య చేతులు వెనక్కి విరిచి కట్టారు. అరుపులు విని మౌలాలి తోట గోడ దూకి వచ్చాడు.

"ఇడువుండ్రి సాబ్. ఈయన ఉత్త తరకారీ మనిషి. నాది జమానత్, నేను పూచీ ఉంట."

సాలారు అతన్ని ఎగాదిగా చూశాడు. "జమానత్ మాటల్తోటి కాదు మియా. ఈన్ని ఇడువాలంటే నువ్వు మాతోని రావాలె. ముసల్మానువై ఉండి పురుగులు కాసుకుంట కూసున్నవు."

సోమయ్య కట్లు విప్పారు. మౌలాలికి ఖాకీ చొక్కా, లాఠీ ఇచ్చారు. ఆ ఎండాకాలమంతా శుక్రవారం కవాతుల్లో అతను నడిచాడు. ముందున్నవాడి వీపు తప్ప ఏమీ కనబడకుండా నడిచాడు. ఎవరినీ కొట్టలేదు. కానీ ఒక శుక్రవారం మార్కెట్టు వెనక సందులో బాలమ్మ అనే ముసలామె జొన్నల దుకాణం లూటీ అయింది. మౌలాలి సందు మొదట్లో లాఠీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. బస్తాలు ఈడ్చుకుపోతున్న చప్పుడు విన్నాడు, ఆమె గుండెలు బాదుకోవడం విన్నాడు. కదల్లేదు. ఇంటికి వచ్చి షహర్ బానోకు చెప్పాడు.

"నువ్వు లేకున్నా లూటీ అయ్యేదే" అందామె. ఆ మాట ఇద్దరిలో ఎవరికీ ఊరట ఇవ్వలేదు.

వానాకాలం నడుస్తుండగా దేవసహాయం, మౌలాలి కలిసి సోమయ్య చిక్కుడు పందిళ్ల కింద కొత్త ఈగలను వదిలారు. ఆ తర్వాత దేవసహాయం పిల్లలను చూసి వస్తానని మెదక్ వెళ్లాడు. సెప్టెంబరు వచ్చింది. విమానాలు తలల మీదుగా తిరిగాయి. నాలుగైదు రోజులు జనం తలుపులు వేసుకుని కూర్చున్నారు. తర్వాత పటాన్‌చెరు దిక్కు నుంచి ఇండియా ఫౌజు వచ్చిందనీ, యుద్ధం అయిపోయిందనీ, రజాకార్లను రద్దు చేశారనీ తెలిసింది. సికింద్రాబాద్ బజార్లలో పూలదండలు, మిఠాయిలు. బోయిన్‌పల్లిలో కొన్ని ఇళ్లలో మాత్రం పొయ్యి వెలిగించడానికి కూడా భయం. మౌలాలి ఖాకీ చొక్కాను షహర్ బానో చింపి, పొయ్యిలో వేసింది. లాఠీని కూడా విరిచి వేసింది.

అయినా సిపాయిలు వచ్చారు. మైదానంలో ఆ చుట్టుపక్కల ముసల్మానులందరినీ వరసగా నిలబెట్టారు. రజాకార్లెవరో ఊరివాళ్లే చూపించాలని ఒక జమేదారు హుకుం. చూపించేవాళ్లు ఒక్కొక్కరే వరస ముందుకు వచ్చి, దూరంగా ఆగి, చెయ్యెత్తి పోతున్నారు. మౌలాలికి వాళ్ల ముఖాలు కనబడటం లేదు. ఒక మనిషి తన ఎదురుగా ఆగాడు. తెల్లటి ధోవతి, తలకు ఎర్ర రుమాలు. అంతకు మించి మసక. ఆ మనిషి చెయ్యెత్తాడు. జమేదారు ఏదో అడిగాడు. ఆ మనిషి ఏదో చెప్పాడు, మైదానం గోలలో గొంతు పోల్చుకోలేకపోయాడు. ఇద్దరు సిపాయిలు వచ్చి మౌలాలి రెక్కలు పట్టుకున్నారు.

కంటోన్మెంటులో ఒక పాత బారకులో పడేశారు. అక్కడ కొట్టినవాళ్లున్నారు, కొట్టనివాళ్లున్నారు, నిజంగా ఇళ్లు తగలబెట్టినవాళ్లున్నారు, ఊరికే దొరికినవాళ్లున్నారు. అందరికీ ఒకే పప్పునీళ్లు. మౌలాలి గోడవైపు తిరిగి కూర్చునేవాడు. ఎర్ర రుమాలు చుట్టుకునే రైతులు బోయిన్‌పల్లిలో ఎంతమందో ఉన్నారని తనకు తాను చెప్పుకునేవాడు. అంతలోనే ఆ చెయ్యెత్తిన తీరు గుర్తొచ్చేది. మోచెయ్యి కొంచెం వంచి, పందిరి కొసను చూపినట్టు ఎత్తడం. అది సోమయ్య తీరు. ఆ తలపు వచ్చిన ప్రతిసారీ బాలమ్మ ఏడుపు కూడా వెంటే వచ్చేది. తనను అన్యాయంగా పట్టారని గట్టిగా అనుకోవడానికి కూడా నోరు రాలేదు.

చలి ముదిరాక, రోడ్లు తెరుచుకోవడంతో దేవసహాయం పట్నం చేరాడు. ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిరిగి, పూచీ ఇచ్చి, మౌలాలిని బయటికి తెచ్చాడు. పూర్తిగా విడుదల కాదు. విచారణ మిగిలే ఉంది, పిలిచినప్పుడు రావాలి.

ఇంట్లో అడుగుపెట్టగానే షహర్ బానో అతని ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని చూసింది. కంటి కింద గాయం మానిన మచ్చ ఉంది. దాన్ని గురించి అడగలేదు. నీళ్లు కాచింది. తిన్న తర్వాత అతనే అడిగాడు.

"చిమ్నీలకు నీళ్లు పోసినవా?"

"నాలుగు దినాలు పోసిన. మల్ల తోటకు తాళమేసిండ్రు. గేటు కాడ నిలవడి సిపాయిని బతిమిలాడిన. 'లోపట జీవాలున్నయ్, నీళ్లు పొయ్యాలె' అంటే, 'ఏం జీవాలు, బర్లా?' అన్నడు. 'ఈగలు' అన్న. నవ్విండు. దినాం పోయిన, దినాం నవ్విండు. ఇగ పోలే."

మర్నాడు మౌలాలి దేవసహాయంతో కలిసి పెంకుటింట్లోకి వెళ్లాడు. చిమ్నీలన్నీ బోర్లించినట్టే ఉన్నాయి. లోపల మొలకలు పుల్లలయ్యాయి. గాజు అడుగున నల్లటి నుసి. అది ఈగలో, పేలో, ఎవరికీ తెలియదు. దేవసహాయం ఒక్కో మల్లుబట్టా విప్పి చూశాడు, మళ్లీ కట్టేశాడు.

"నిన్ను పనిలోంచి ఆపమని హుకుం వచ్చింది మౌలాలీ. ఈ ఇంటిని కూడా ఎత్తేద్దామంటున్నారు. ఈగలుంటే నేను కొట్లాడతాను. వీటిని పెంచే చెయ్యి ఇతనిదొక్కటే అని అడుగుతాను. ఉత్త గాజుచిమ్నీల కోసం ఎట్లా అడగను?"

"సోమయ్య చేన్ల ఇడిసినం గద సాబ్, వానకాలంల. అండ్ల ఉంటయ్."

"మరి తెచ్చుకుందాం పద."

"నేనొక్కన్నే పోతా" అన్నాడు మౌలాలి. అన్నాడు కానీ పోలేదు. ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. మరునాడూ కూర్చున్నాడు. షహర్ బానోకు సంగతి తెలుసు. ఎర్ర రుమాలు మాట ఆమెకు చెప్పాడు.

"చేనుకు పో" అందామె. "ఇంటికి పోకు. చేనుకు పో."

వెళ్లాడు. చిక్కుడు పందిళ్లు దూరం నుంచే నల్లగా కనిపించాయి. అతని చూపుకే నల్లగా కనిపించాయంటే దగ్గరికి పోతే ఎట్లుంటుంది! కొసలన్నీ పేలతో కప్పుకుపోయి ఉన్నాయి. పూత రాలి కింద మట్టి ఊదారంగుకు తిరిగింది. ఆకులు పట్టుకుంటే చేతికి బంక. మౌలాలి గొంతుక్కూర్చుని ఒక్కో ఆకూ తిరగేశాడు. పేలు, పేలు, పేలు. గడ్డిరంగు గుల్ల ఒక్కటి లేదు. చివరికి ముదురాకుల మీద పాత గుల్లలు కొన్ని దొరికాయి. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. ఈగ బయటికి వచ్చిన గుల్లకు గుండ్రటి కిటికీ ఉంటుంది, మూత ఒకపక్క వేలాడుతుంది. వీటికి కిటికీ లేదు. అడ్డదిడ్డంగా కొరికి ఉన్నాయి. ఎవరో లోపలి పిల్లతో సహా తినేశారు.

అతని వెనక చెప్పుల చప్పుడు ఆగింది.

"మౌలాలీ, ఎప్పుడొచ్చినవ్ తమ్మీ?"

మౌలాలి తల తిప్పలేదు. "చేనుకేం జేసినవ్ సోమన్నా?"

"నువ్వు చెప్పిందే జేసిన. నువ్వు లేవు, పెద్దసారు లేడు. పేను షురూ అయింది. అక్షింతల పురుగు మన దోస్తు అన్నవు గద. జొన్న చేన్లల్ల తిరిగి మూటలు మూటలు పట్టి తెచ్చి ఇడిసిన. నడుం ఇరిగింది. వారం దినాలల్ల చేను అద్దమోలె అయింది. తిండి అయిపోంగనే అవి లేచిపోయినయ్. మల్ల రెక్కల పేను వచ్చి పడ్డది. ఈసారి ఆపెటందుకు ఏదీ లేదు. మునుపటికి రెండింతలైంది."

మౌలాలి చేతిలోని ఆకును మడిచాడు, విప్పాడు. తర్వాత లేచి నిలబడి సోమయ్యకు దగ్గరగా నడిచాడు. ముఖంలో ముఖం పెట్టినంత దగ్గరగా. అంత దగ్గరైతేనే అతనికి మనిషి కనబడతాడు. సోమయ్య కళ్ల కింద తోలు సంచుల్లా వేలాడుతోంది. గడ్డం తెల్లబడింది.

"మైదానంల నన్ను చూపింది నువ్వేనా?"

సోమయ్య రుమాలు విప్పి చేతిలో పట్టుకున్నాడు.

"నేనే."

పక్క చేలో మోట చప్పుడు వినిపిస్తోంది. సోమయ్యే చెప్పసాగాడు.

"నిన్ను ఇడిపిద్దామనే వచ్చిన. పిల్లల మీద ఒట్టు. 'ఈయన మంచోడు, ఈయన్ని ఇడువుండ్రి' అని చెప్పెతందుకే చెయ్యెత్తిన. ఆ జమేదారు, 'రజాకార్ల కవాతుల ఉండెనా?' అనడిగిండు. 'హౌ, లేకిన్' అన్న. ఆ లేకిన్, ఆ 'కానీ' అవతల ఎవ్వరు ఇన్లే. నిన్ను గుంజుకపోయిండ్రు."

"ఆయినె ఇన్లేకుంటే మల్ల చెప్పరాదు? ఎంబడి ఉరికి చెప్పరాదు?"

"భయమైంది."

"దేనికి?"

"నాకోసం కవాతు చేసిండని చెప్తే, 'రజాకార్లతోటి నీకేం దోస్తానా' అని నన్ను సుత పట్టుకపోతరని. దినాం రేపు పోదామనుకున్న. ఒకసారి బారకు గేటు దాక వచ్చిన. సిపాయి 'ఏం పని' అన్నడు. ఏం లేదని మర్లిన." అతను చేతిలోని రుమాలు మెలిపెట్టాడు. "నీకు రొట్టె సుత తేలేకపోయిన."

మౌలాలి చేతిలోని ఆకును నలిపి కింద పారేశాడు. పందిరి రాట మీద గట్టిగా ఒక తన్ను తన్నాడు. పేలు, బంక, ఎండాకులు ఇద్దరి మీదా రాలాయి. ఆ తర్వాత గట్టు దిగి వెళ్లిపోయాడు. కోపం తగ్గాకే బాధ ఎక్కువైంది. సోమయ్య ద్రోహం చేశాడని తేలి ఉంటే బాగుండేదనిపించింది. అప్పుడు తిట్టుకుని మరిచిపోవచ్చు.

తోటలో దేవసహాయానికి చేను సంగతి మాత్రమే చెప్పాడు. ఆయన విని తల పట్టుకున్నాడు.

"తప్పు నాదే మౌలాలీ. రెండూ మంచివే అని చెప్పాను. రెండింటినీ ఒకే పందిరి కింద పెడితే ఏమవుతుందో చెప్పలేదు. అక్షింతల పురుగుకు పేను లోపల ఈగ పిల్ల ఉందా లేదా అన్న విచారం ఉండదు. పేనుతో పాటు దాన్నీ నమిలేస్తుంది. కడుపు నిండాక ఎగిరిపోతుంది. ఈగలు ఉంటే అవి మెల్లగా చేస్తూనే ఉండేవి. వాటిని తినేసి, ఇవీ పోయాయి. పేనుకు ఇక అడ్డెవరు?"

"మరి అంతేనా సాబ్?"

దేవసహాయం ఆలోచించాడు. "చేలో చీమలున్నాయా?"

"చీమలా? సోమన్న చీమల మీద పగబట్టిండు. పుట్ట కనబడితే మసిలే నీళ్లు పోస్తడు."

"చీమలకు పేను బంక తియ్యటి పాయసం. ఆ పాయసం కోసం పేలను కాస్తాయి. అక్షింతల పురుగు దగ్గరికి వస్తే కరిచి తరుముతాయి. మన ఈగ మరీ సన్నది, మెత్తగా నడుస్తుంది. దాన్ని ఒక్కోసారి పట్టించుకోవు. చీమలు కాసే తీగ ఎక్కడైనా మిగిలి ఉంటే, అక్కడ ఈగ కూడా మిగిలి ఉండొచ్చు. తప్పక ఉంటుందని చెప్పలేను. చూడు."

అంటే మళ్లీ అదే చేనుకు పోవాలి. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని మౌలాలి భార్యకు సోమయ్య చెప్పిందంతా చెప్పాడు. షహర్ బానో వింటూ విస్తరి అంచు చింపుతూ కూర్చుంది.

"లేకిన్ అన్నడట" అంది. "ఒక్క మాట నోట్లకెళ్లి ఊడిపడితే తప్పు మాఫైందనుకుంటున్నడా? మనం ఎన్ని దినాలు సచ్చినం?"

మౌలాలి పొద్దున్నే చేను చేరాడు. సోమయ్య పందిరి కింద మసి పట్టిన కొసలు కత్తిరిస్తున్నాడు. అతన్ని చూసి లేచాడు.

"చీమలు యాడున్నయ్?" అని అడిగాడు మౌలాలి. పలకరింపు లేదు.

సోమయ్య ఎందుకని అడగలేదు. కాసేపు ఆలోచించి, బావి వైపు నడిచాడు. మోట గట్టు పక్కన ముళ్లకంప మీదికి పాకిన చిక్కుడు తీగ ఒకటుంది. కంప గుచ్చుకుంటుందని అతను దాని జోలికి పోలేదు. కాయ కోయలేదు, పురుగులు వదల్లేదు, చీమల మీద నీళ్లు పోయలేదు. మౌలాలి కంపలోకి మోచేతుల దాకా చేతులు పెట్టాడు. ముళ్లు గీరుకున్నాయి. నల్లచీమలు బిలబిలా మణికట్ల మీదికి ఎక్కి కరిచాయి. అతను ఒక ఆకు తిరగేసి కంటి దగ్గరకు తెచ్చుకున్నాడు. ఊపిరి బిగబట్టాడు.

పేల గుంపు నడుమ గడ్డిరంగు గుల్లలు ఉన్నాయి. ఉబ్బి, గుండ్రంగా, ఎక్కడా కొరకకుండా. ఒకదాని మీద, నల్లటి చుక్కలాంటి ఈగ ఒకటి మీసాలు ఆడిస్తూ నిలబడి ఉంది. చీమ ఒకటి దాన్ని ఒరుసుకుంటూ వెళ్లింది, ఆగలేదు.

"ఉన్నయా?" అన్నాడు సోమయ్య.

"తీగ పట్టుకో. కదిలియ్యకు."

సోమయ్య ముళ్లలో చెయ్యి పెట్టి తీగ పట్టుకున్నాడు. అతని చేతి మీదికీ చీమలు పాకాయి. విదిలించుకోలేదు. ఇద్దరూ ఆ పొద్దంతా గుల్లలున్న ఆకులు తుంచి, మౌలాలి తెచ్చిన గాజు గొట్టాల్లో వేశారు. పని అయ్యాక మౌలాలి గొట్టాలు గుడ్డలో చుట్టుకుంటుంటే సోమయ్య దారికి అడ్డం వచ్చి నిలబడ్డాడు.

"నన్ను ఆఫీసుకు తోల్కపో. ఈసారి అంత చెప్త."

"ఇప్పుడు భయం లేదా?"

"ఉంది" అన్నాడు సోమయ్య.

వెళ్లారు. విచారణ చేసే అధికారి ముందు సోమయ్య ఈసారి మధ్యలో ఆగలేదు. తన చేతులు కట్టిన సంగతి, మౌలాలి గోడ దూకి వచ్చిన సంగతి, చొక్కా, కవాతు, అన్నీ చెప్పాడు. అధికారి అతన్ని ఇంతకాలం ఎక్కడున్నావని కసిరాడు. సోమయ్య భయపడినట్టు అతన్నెవరూ పట్టుకుపోలేదు. ఆ మాత్రానికి ఇన్ని నెలలు దాక్కున్నానా అన్నట్టు సోమయ్య బయటికి వచ్చి గోడకానుకుని కూలబడ్డాడు.

లాంతరు చిమ్నీల్లో కొత్త ఈగలు పుట్టాయి. మొదటిది గుల్ల మూత తోసుకుని బయటికి వచ్చిన నాడు దేవసహాయం మౌలాలిని భుజం పట్టుకుని ఊపేశాడు. ఆయన కొట్లాడగా మౌలాలిని మళ్లీ పెట్టుకున్నారు. అయితే పాత నౌకరీలోకి కాదు, రోజుకూలీ కింద. అతని పేరు మీది అనుమానం తుడిచేసిన కాగితం ఎప్పటికీ రాలేదు. బజార్లో కొందరు వేలు చూపి గుసగుసలాడటం కూడా ఆగలేదు. అతనికి ఆ ముఖాలు కనబడవు, మాటలు మాత్రం వినబడతాయి.

ఎండలు ముదిరాక ఒకరోజు మార్కెట్టు వెనక సందుకు పోయాడు. బాలమ్మ దుకాణం మళ్లీ తెరిచింది. రెండే బస్తాలున్నాయి. ఆమెకు దగ్గరగా వంగి, "అవ్వా, ఆనాడు సందు మొదట్ల నిలవడ్డది నేనే. నేను కొట్టలే" అన్నాడు.

ముసలామె జొన్నలు చెరుగుతూ తలెత్తింది. "ఎర్కే. నువ్వు కొట్టలే. నిలవడ్డవు. దినాం యాదికొస్తది" అంది. మళ్లీ చెరగసాగింది. అతను సందు మొదలు దాటి వచ్చేశాడు.

కొన్నేళ్లకు తెల్లటి పొడిమందు వచ్చింది. చల్లితే పేనూ, ఈగా, అక్షింతల పురుగూ, చీమా అన్నీ ఒకేసారి పడిపోయేవి. రైతులు దాన్నే నమ్ముకున్నారు. పెంకుటిల్లు ఎత్తేశారు. దేవసహాయానికి బదిలీ అయింది. మౌలాలి మెట్టుగూడలో తమ్ముడి ఇంటి పక్కన చిన్న గది తీసుకుని, రైల్వే బంగళాల్లో పూలమొక్కలు చూసుకుంటూ బతికాడు.

సోమయ్య ఒక్క చలికాలం కూడా మానకుండా బోయిన్‌పల్లి నుంచి గంప నిండా చిక్కుడుకాయలు తెచ్చేవాడు. షహర్ బానో అతన్ని ఎన్నడూ గడప దాటనివ్వలేదు. గంపను బయటే తీసుకుని, అతని కళ్ల ముందే లైనులో వాళ్లకు పంచిపెట్టేది. సోమయ్య చూస్తూ నిలబడి, ఖాళీ గంప తీసుకుని వెళ్లేవాడు. మౌలాలి అతన్ని స్టేషను మలుపు దాకా సాగనంపేవాడు. దారిలో ఇద్దరూ పంటల మాటలే మాట్లాడుకునేవారు.

ఒక ఏడాది మౌలాలికి జ్వరం తగిలి చాలా నీరసపడ్డాడు. అప్పుడు గంప వచ్చింది. పంచడానికి లేస్తున్న భార్యతో, "జెర వండు బానూ. తినాలనిపిస్తున్నది" అన్నాడు.

ఆమె చాలాసేపు గడపలో నిలబడింది. తర్వాత పీట వేసుకుని కూర్చుని ఈనెలు తీసి, కాయలు తుంచి, ఉల్లిగడ్డ, ఎండుమిర్చి వేసి వండింది. అతనికి వడ్డించింది. బయట నిలబడ్డ సోమయ్యకు కూడా కంచం పంపింది. తను మాత్రం ఆ పూట రొట్టెను ఉత్త ఉప్పుతో తిన్నది.